ఖాళీ ఇల్లు, కావిడి బిందెలు: ఒక విజయవాడ కుటుంబం కేస్ స్టడీ

ఈ కుటుంబం నా దగ్గరికి వచ్చేటప్పటికే జబ్బుకు పేరు కూడా పెట్టుకుని వచ్చింది. "మా అమ్మకు హోర్డింగ్ డిజార్డర్ ఉన్నట్టుంది మేడమ్, ఒకసారి చూడండి" అన్నాడు కొడుకు. అంటే సామాను పోగేసి వదులుకోలేని జబ్బు. నలభై దాటిన మనిషి. ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు. తల్లి గదిని ఫొటోలు తీసి ఫోన్‌లో పట్టుకొచ్చాడు. పక్కనే కూర్చున్న భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. తల్లి అసలు రాలేదు. మూడు వారాలుగా ఆవిడ కొడుకుతో మాట్లాడటం మానేసింది. కోడలు వడ్డిస్తే తింటోంది, కొడుకు ఇంట్లో ఉన్న పూట అదీ లేదు.

నేను విజయవాడలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఇంట్లో సామాను గురించి వచ్చే తగాదాలు మామూలుగా వేరే వేషంలో వస్తాయి. అత్తాకోడళ్లకు పడటం లేదనో, ఆయనకు కోపం ఎక్కువైందనో చెబుతారు, కదిపితే అడుగున బీరువా ఉంటుంది. ఈ కేసు మాత్రం సామాను తగాదాగానే వచ్చి, తర్వాత వేరే దారి పట్టింది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వయసులు, ఉద్యోగాలు, బంధుత్వాలు కొంత మార్చాను.

జరిగింది ఇది. 2024 డిసెంబరులో పెద్దావిడ ఇరుగుపొరుగుతో కలిసి అన్నవరం వెళ్లింది. ఆ శనివారం కొడుకు పాత సామాన్లు కొనేవాణ్ని ఇంటికి పిలిపించి అటక మొత్తం ఖాళీ చేయించాడు. ఒక స్టీలు గంగాళం, పాడైన మిక్సీ, ఇత్తడి రోలు, రెండు ఇత్తడి కావిడి బిందెలు. కాటా వేసి డబ్బులిచ్చి తీసుకుపోయాడు. ఆదివారం సాయంత్రం ప్రసాదం పొట్లంతో ఇంట్లోకి వచ్చిన తల్లి ముందు అటక వైపు చూసింది.

అప్పటికి కొన్ని నెలలుగా అతను మినిమలిజంలో, అంటే వీలైనంత తక్కువ వస్తువులతో బతకాలనే పద్ధతిలో పడి ఉన్నాడు. యూట్యూబ్‌లో జపాన్ ఇళ్లు, అమెరికా ఇళ్లు చూసేవాడు. ఇంట్లో రూల్సు పెట్టాడు: మనిషికి ముప్పై బట్టలు, మనిషికో కంచం, ఒకటి కొంటే రెండు తీసెయ్యాలి. ఇందులో మంచి లేదని అననుగాక అనను. క్రెడిట్ కార్డు బాకీ తీర్చేశాడు. రెండో బండి అమ్మేశాడు. రాత్రిళ్లు ఫోన్‌లో ఆఫర్లు చూస్తూ ఏదో ఒకటి ఆర్డరు పెట్టే అలవాటు మానుకున్నాడు. "నా బుర్ర తేలికైంది మేడమ్" అన్నాడు. ఆ మాట నిజమే. అయితే అతని తేలికకు ఇంట్లో బరువు ఎవరు మోస్తున్నారన్నది నేను చూడాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్లి చూడటం

హోర్డింగ్‌ను ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించింది 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే మానసిక రుగ్మతల పుస్తకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో కూడా ఉంది. ఇంట్లో సామాను ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ పేరు పెట్టకూడదు. వస్తువుకు విలువ ఉన్నా లేకపోయినా వదులుకోలేకపోవడం, వదులుకోవాలంటే తీవ్రమైన బాధ కలగడం, పోగుపడిన వాటి వల్ల గది దాని పనికి పనికిరాకుండా పోవడం చూడాలి. మంచం మీద పడుకోలేకపోతే, పొయ్యి దగ్గర వంట చేయలేకపోతే అప్పుడు ఆలోచించాలి. దీనికి బొమ్మల స్కేలు ఒకటి వాడతాం. హాలు, పడకగది, వంటగది ఒక్కోదానికి తొమ్మిదేసి ఫొటోలుంటాయి. మొదటి దాంట్లో గది శుభ్రంగా, తొమ్మిదో దాంట్లో కప్పు దాకా నిండి ఉంటుంది. మన గది ఏ ఫొటోకు దగ్గరో చెప్పాలి. నాలుగు, ఆపైన వస్తే పట్టించుకోవాలి.

పటమటలో వాళ్లుండే మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌కి వెళ్లాను. పెద్దావిడ గదికి నేనిచ్చిన అంకె మూడు. వంటగదికి రెండు. హాలుకి ఒకటి. ఒకటి కన్నా తక్కువ అంకె ఉంటే అదే ఇచ్చేదాన్ని, ఎందుకంటే హాల్లో కుర్చీ కూడా లేదు. నన్ను చాప మీద కూర్చోమన్నారు. పెద్దావిడకు అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగాయి. కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. "ఆవిడ ఎప్పుడూ ఆ గదిలోనే ఆ సామాను మధ్యే ఉంటుంది" అన్నది కొడుకు ఫిర్యాదుల్లో ఒకటి. ఆ ఇంట్లో ఆవిడ కూర్చోగలిగిన చోటు ఆ గదిలోని మంచం ఒక్కటే. సోఫా అమ్మేసినప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

మంచం కింద ఏముందో చూపించమంటే ఆవిడే ఒక్కొక్కటి బయటికి తీసింది. కవర్లు కూడా విప్పని స్టీలు డబ్బాలు, ఒకే సైజువి. డజను చొప్పున కట్టిన జాకెట్టు ముక్కలు. పసుపు, కుంకుమ భరిణెల పెట్టె. చిన్న పళ్లాలు. అన్నీ కొత్తవే, అన్నిటికీ లెక్క ఉంది. పాత పేపర్లు, ఖాళీ సీసాలు, చిరిగిన బట్టలు ఒక్కటి లేదు. పోగేసిన సామానులా లేదది, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు స్టాకులా ఉంది. "ఇవన్నీ ఎవరికమ్మా?" అని అడిగితే "ఎవరికో తెలియకే కదమ్మా కొన్నాను" అంది.

ఆ జవాబు నాకు వెంటనే అర్థం కాలేదు.

బుడమేరు తర్వాత

వాళ్ల సొంతిల్లు సింగ్‌నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి వీధిలో నీళ్లు, మధ్యాహ్నానికి కిటికీల దాకా. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, అది రికార్డు. ఊరంతా కృష్ణ వైపే చూస్తుంటే సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు వాగు. పక్కింటి మేడ మీద ఆ కుటుంబం నాలుగు రాత్రులు గడిపింది. ఫ్లైఓవర్ దగ్గర్నుంచి పడవలు వచ్చేవి, పాల ప్యాకెట్లు ఒకరికి దొరికితే ఒకరికి దొరికేవి కావు. నీళ్లు తీశాక ఫైరింజను వచ్చి బురద కడిగింది. వీధి పొడవునా తడిసిన పరుపులు, ఉబ్బిన ప్లైవుడ్ బీరువాలు, ఫ్రిజ్‌లు కుప్పలు పోశారు. నగరంలో ఆ వారాల్లో ఉన్నవాళ్లకు ఆ కుప్పలూ ఆ వాసనా వేరే చెప్పక్కర్లేదు.

ఆ కుప్పల ముందు నిలబడి తల్లీకొడుకులిద్దరూ చెరో నిర్ణయానికి వచ్చారు. విడివిడిగా మాట్లాడినప్పుడే ఇది బయటపడింది. కొడుకు మాట: "పదిహేనేళ్లు ఈఎంఐలు కట్టి కొన్నది ఒక్క పూటలో బురదైంది. ఇంక జన్మలో ఏదీ పోగెయ్యను." తల్లి మాట: "ఒక్క పూటలో ఏమీ లేని ఇల్లు అయిపోయింది. ఇంక ఎప్పుడూ చేతులు ఖాళీగా ఉండకూడదనుకున్నా." ఒకే నీళ్లు ఇద్దరినీ చెరో ఒడ్డుకు చేర్చాయి. ఎవరి ఒడ్డు వాళ్లకు సహజంగా తోచింది, ఎదుటివాళ్లదే జబ్బులా కనిపించింది.

కొడుకు గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. మినిమలిజం పాటించే వాళ్లకో అలవాటుంటుంది: ఖాళీ చేయకముందు ఒకటి, చేశాక ఒకటి ఫొటో తీస్తారు. అతని ఫోన్‌లో ఆ ఫొటోలన్నీ తేదీలతో సహా ఉన్నాయి. వాటిని వరసగా చూపించమన్నాను. అక్టోబరులో వాయుగుండం వచ్చిన వారం బీరువా ఖాళీ అయింది. నవంబరు చివర్లో ఫెంజల్ తుఫాను హెచ్చరికలప్పుడు సోఫా, టీవీ స్టాండు. డిసెంబరులో అల్పపీడనం అన్నప్పుడు అటక. అతనే చూసి నోరు తెరిచాడు. వాన హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి బయటికి పోయింది.

వరద తర్వాత మానసిక స్థితి తెలుసుకోవడానికి అతనికి పీసీఎల్-5 అనే ఇరవై ప్రశ్నల పత్రం ఇచ్చాను. మొత్తం మార్కులు పీటీఎస్‌డీ (పెద్ద ఆపద తర్వాత వదలని మానసిక గాయం) అనుమానించే 31-33 గీతకు దిగువనే ఉన్నాయి. కానీ 'దాన్ని గుర్తుచేసే వాటికి దూరంగా ఉండటం' అనే ప్రశ్నల దగ్గర మార్కులు బాగా ఎక్కువ. సింగ్‌నగర్ ఇంటికి తాళం వేసి మళ్లీ అటు వెళ్లలేదు. బురద కడిగినా వాసన పోని ఆ ఇత్తడి బిందెలు అటక మీద ఉంటే అతనికి నిద్ర పట్టేది కాదట. "నాకు ఇల్లు ఖాళీగా ఉంటే హాయి" అనేవాడు మొదట్లో. కొన్ని మాటలు నడిచాక, "ఖాళీగా ఉంటే పోవడానికేమీ ఉండదు కదా" అన్నాడు. నా అంచనాలో అతని మినిమలిజంలో సగం ఇష్టం, సగం భయం. తల్లిని పరీక్షించమని తెచ్చిన మనిషికే ముందు సాయం అవసరమైంది.

మౌనంగా కూర్చున్న కోడలు

ఆమెతో విడిగా మాట్లాడిన రోజు ఆమె ఆపకుండా మాట్లాడింది. "మనిషికో కంచం అంటే వినడానికి బాగుంటుంది మేడమ్. ఒక్కొక్కరు ఒక్కో టైముకి తింటారు. ఇదివరకు రాత్రి ఒకసారి తోమేదాన్ని, ఇప్పుడు పూటకి రెండుసార్లు. రెండో కుక్కరు తీసేశారు. పొద్దున్నే ఐదున్నరకి అన్నం దించి, అదే కుక్కరు కడిగి పప్పు పెట్టాలి. ఏడింటికి స్కూలు బస్సు."

వస్తువులు తగ్గితే పని తగ్గుతుందనేది సగం నిజం. దుమ్ము దులిపే పని తగ్గుతుంది. కడిగే పని, ఉతికే పని పెరుగుతుంది. ఆ పని ఎవరిది అన్నదాన్ని బట్టి అదే ఇల్లు ఒకరికి ప్రశాంతంగా, ఇంకొకరికి ఊపిరాడనట్టుగా ఉంటుంది. భర్త ఆమెకు ఒక అమెరికా పరిశోధన గురించి పదేపదే చెప్పేవాడట. అది నిజంగానే ఉంది: 2010లో ప్రచురించారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటల్లో అరవై మందిని వాళ్ల ఇంటి గురించి మాట్లాడించి, ఒంట్లో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ చూశారు. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు మిగిలిపోయాయని చెప్పిన భార్యల్లో కార్టిసాల్ రోజు గడిచేకొద్దీ తగ్గాల్సినంతగా తగ్గలేదు. అతను అందులో 'చిందరవందర' ఒక్కటే పట్టుకున్నాడు. 'మిగిలిపోయిన పనులు' అన్న మాట భార్య పట్టుకుంది. చదివింది ఒకటే.

ఇంకొకటి. ఎవరి వస్తువులు పనికిరానివిగా కనిపిస్తాయి? ఎదుటివాళ్లవి. డానియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన కాఫీ మగ్గుల ప్రయోగం చాలామందికి తెలిసే ఉంటుంది. మగ్గు చేతికిచ్చి ఎంతకు అమ్ముతావంటే, మగ్గు లేనివాళ్లు కొంటామన్న ధరకు సుమారు రెండింతలు అడిగారు. తనదైన క్షణం నుంచే విలువ పెరుగుతుంది. ఈ ఇంట్లో అటక మీద తల్లి సామాను చెత్త అయింది గానీ, అతని డ్రాయర్లో పాత ఛార్జర్లు, వైర్లు, మూడు చచ్చిన ఫోన్లు అలాగే ఉన్నాయి. భార్య చూపించేదాకా అతనికి కనపడలేదు.

చదివింపుల పుస్తకం

పెద్దావిడ నా దగ్గరికి రావడానికి ఒప్పుకోలేదు. నేనే వెళ్లాను. మోకాళ్ల నొప్పుల గురించి, అన్నవరం మెట్ల గురించి చాలాసేపు మాట్లాడాక వరదలో ఏం పోయిందని అడిగాను. టీవీ, ఫ్రిజ్ అంటుందనుకున్నాను. "చదివింపుల పుస్తకం" అంది.

పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చదివింపులు రాసే పుస్తకం మన ఇళ్లలో చాలామందికి తెలుసు. ఆవిడ దగ్గర ఉన్నది తన పెళ్లినాటి నుంచీ కట్టుకుంటూ వచ్చినది. ఎవరు నూటపదహార్లు చదివించారు, ఎవరు ఐదువందల పదహార్లు, ఎవరు స్టీలు క్యారేజీ తెచ్చారు, ఏ ఊరి వాళ్లు చీర పెట్టారు, అన్నీ అందులో ఉన్నాయి. భర్త పోయాక బంధుత్వాలు నడిపింది ఆ పుస్తకంతోనే. ఎవరింట్లో శుభకార్యమైనా ముందు అది తీసి చూసి, వాళ్లు పెట్టినదానికి ఒక మెట్టు పైన పెట్టి వచ్చేది. బీరువా అడుగు అరలో ఉన్న ఆ పుస్తకం వరదలో ముద్దయిపోయింది.

"ఎవరికి ఎంత బాకీ ఉన్నానో ఇప్పుడు తెలీదమ్మా. రేపు ఎవరైనా గుమ్మంలోకి వచ్చి పిలిస్తే ఏం పెట్టాలి? తక్కువైతే నా పరువు. అందుకే అందరికీ సరిపోయేట్టు కొని పెట్టుకున్నా." గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన వరద సాయం పాతిక వేలు. అందులో తన వాటా అడిగి తీసుకుని, వస్త్రలత బట్టల మార్కెట్లో జాకెట్టు ముక్కలు, వన్‌టౌన్‌లో స్టీలు డబ్బాలు కొన్నది అందుకు. మంచం కింద స్టాకు అర్థమైంది. లెక్క పోయిన మనిషి, ఎవరు వచ్చి అడిగినా తీర్చగలిగేలా సరుకు పెట్టుకుంది.

బిందెల సంగతి ఇంకా ముదురు. అవి ఆవిడవి కావు. అత్తగారివి. అత్తగారు పోయినప్పుడు తెనాలిలో ఉన్న ఆడబిడ్డ, "నా మనవరాలి పెళ్లికి సారెలో పెడతాను, అందాకా నీ దగ్గరే ఉండనీ వదినా" అని వదిలి వెళ్లింది. వరదలో బురదలోంచి ఏరుకుని, చింతపండు వేసి తోమి అటక మీద పెట్టింది అందుకే. కొడుక్కి ఈ సంగతి తెలియదు. అతను ఎవరినీ అడగలేదు గనక ఎవరూ చెప్పలేదు.

మినిమలిజం గురించి మాట్లాడే చాలామంది ఈ చోటే తప్పటడుగు వేస్తారని నా అభిప్రాయం. 'నీకు ఇది ఇప్పుడు ఉపయోగపడుతోందా, సంతోషాన్నిస్తోందా' అని అడగమంటారు. ఆ ప్రశ్న వస్తువు ఒక్కరిదే అనుకుని అడిగేది. మన ఇళ్లలో చాలా సామాను ఎవరి పేరు మీదో, ఎవరి కోసమో మన దగ్గర ఉంటుంది. దాన్ని తగ్గించొద్దని నేననడం లేదు. దాని అసలు ఆసామిని అడగకుండా తగ్గించడం కుదరదంటున్నాను.

చేసిన పని

మొదటి ఒప్పందం చిన్నది, కష్టమైనది: కొంతకాలం ఎవరూ ఇంకొకరి వస్తువును ఇంట్లోంచి పంపకూడదు. సొంతవి ఎన్నైనా పంపుకోవచ్చు. కొడుకు డ్రాయర్‌తో మొదలుపెట్టాడు, అదీ భార్య ముందు. హాల్లోకి ఒక దివాను, రెండు కుర్చీలు వచ్చాయి. రెండో కుక్కరు కొన్నారు. ఇవి కౌన్సెలింగ్ కిందికి వస్తాయా అని ఒక విద్యార్థిని అడిగింది నన్ను. మోకాళ్లు నొప్పున్న మనిషి హాల్లోకి వచ్చి కూర్చోనిదే కుటుంబం మాట్లాడుకోలేదు గనక, వస్తాయి.

కొడుకుతో విడిగా వరద గురించి మాట్లాడే పని నడిచింది. తప్పించుకుంటున్న వాటి దగ్గరికి మెల్లగా వెళ్లడం దాని పద్ధతి. ముందు ఫ్లైఓవర్ దాకా, తర్వాత వీధి చివరి దాకా, తర్వాత ఇంటి తాళం తీయడం. నిద్ర పట్టడం లేదని సైకియాట్రిస్టు దగ్గరికి కూడా పంపాను.

తల్లి విషయంలో స్టాకు తగ్గించమని నేను ఒక్కసారి కూడా అనలేదు. పుస్తకం మళ్లీ కడదామన్నాను. పోయింది పోయింది, ఎలా కడతామంది. అప్పటిదాకా పక్క గదిలోంచి వింటున్న కొడుకు లోపలికి వచ్చి, నెలల తర్వాత తల్లితో మొదటిసారి మాట్లాడాడు: "అమ్మా, మన పుస్తకం పోయినా ఎదుటివాళ్ల పుస్తకాలున్నాయి కదా. నువ్వు వాళ్లకు పెట్టినవి వాళ్లు రాసుకుని ఉంటారు. వాళ్లు మనకు పెట్టినవి వాళ్లకు గుర్తుంటాయి." అకౌంటెంటుకు ఇది రోజువారీ పని. మన పుస్తకంలో పద్దు పోతే పార్టీ పుస్తకంతో సరిచూస్తాడు. తల్లి సామానుని అంతకాలం చెత్తగా చూసిన మనిషికి అది లెడ్జర్ అని తెలిసిన క్షణం నుంచి గౌరవం వచ్చింది. నేను చెప్పిన ఏ మాటా ఆ పని చేయలేదు.

ఫోన్లు మొదలయ్యాయి. తెనాలి, రేపల్లె, గుడివాడ, హైదరాబాద్. కొందరు తమ పుస్తకాల ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. మనవరాలు ఫోన్‌లో షీటు తయారుచేసింది, పెద్దావిడ అట్ట పుస్తకంలో కూడా రాయించింది. కొన్ని పద్దులు దొరకలేదు. కొందరు "వదినా, నీకు మేమే బాకీ" అన్నారు, దానికి ఆవిడ రెండు రోజులు సంతోషంగా ఉంది. పాత పలకరింపులు చాలా తిరిగి మొదలయ్యాయి, వరదలో ఎలా ఉన్నారని ఆలస్యంగా అడిగినవాళ్లతో ఒకటి రెండు అలకలు కూడా.

ఆ జాబితాలోనే తెనాలి మేనత్త వంతు వచ్చింది. ఆవిడకు ఫోన్ చేయాల్సింది కొడుకే అని తల్లి తేల్చేసింది. అంతకుముందు అతను ఆటోనగర్‌లో, వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లు తిరిగాడు. బిందెలు ఎప్పుడో కరిగిపోయాయి. మేనత్త సంగతి విని ఊరుకోలేదు. "వరద తీసుకెళ్తే ఏడ్చి ఊరుకునేదాన్నిరా. నువ్వు కాటాకేసి అమ్మావు" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత చాలా రోజులకు ఆవిడే చేసి, పెళ్లినాటికి కొత్త జత తెచ్చిపెట్టమంది. ఇత్తడి సామానుకు పేరున్న అజ్జరం వెళ్లి చేయించాడు. వాళ్ల ఇంట్లో ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ చోటు తీసుకుంటున్న వస్తువులు, మినిమలిస్టు స్వయంగా మోసుకొచ్చిన ఆ రెండు బిందెలే.

లోపలికి వచ్చే దారి

ఒక నెలపాటు ఇంట్లోకి ఏమొస్తోందో కోడలు గోడ క్యాలెండరులో, పాల లెక్క రాసే గడుల్లోనే రాసింది. ఇది నేను చాలా కుటుంబాలకు చెబుతాను, ఎందుకంటే అందరూ బయటికి పంపడం మీదే దృష్టి పెడతారు. ఈ ఇంట్లో కొని తెచ్చుకున్నవి తక్కువ. ఎక్కువ భాగం ఫంక్షన్ల నుంచి వచ్చినవి: రిటర్న్ గిఫ్టుల స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టలు, దేవుడి బొమ్మలు, జాకెట్టు ముక్కలు, ఫంక్షన్ పేరు అచ్చేసిన సంచులు. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించినవి రెండే, అవి సామాను సర్దుకోవడానికి వెదురు పెట్టెలు.

మన ఊళ్లలో జాకెట్టు ముక్కల సంగతి అందరికీ తెలిసిందే. ఒకరింట్లో పెట్టింది ఇంకొకరింటికి వెళ్తుంది, ఎవరూ కుట్టించుకోరు, నాలుగిళ్లు తిరిగి కొన్నిసార్లు మొదటి ఇంటికే వస్తుంది. వద్దనడానికి ఎవరికీ నోరు రాదు, వద్దంటే బొట్టు పెట్టించుకోనన్నట్టు.

ఆ ఏడాదే మనవరాలికి ఓణీల ఫంక్షన్ అనుకున్నారు. కొడుకు శుభలేఖలో 'కానుకలు వద్దు' అని వేయిద్దామన్నాడు. పెద్దావిడ ఒప్పుకోలేదు. ఆవిడ వాదనలో బలం ఉంది: "మనం వాళ్లింట్లో చదివించి వచ్చాం. తిరిగి ఇచ్చే దారి మూసేస్తే వాళ్లను బాకీదారులుగానే ఉంచేసినట్టు. అది మర్యాదా?" చివరికి వాళ్లు తేల్చుకున్నది ఇది. చదివింపులు నగదుగా తీసుకుంటారు, పుస్తకంలో రాస్తారు. వస్తువులు వద్దని శుభలేఖలో వేయకుండా పెద్దావిడే ఫోన్‌లో దగ్గరివాళ్లకు చెప్పింది. రిటర్న్ గిఫ్టుగా మంచం కింది స్టీలు డబ్బాలే, ఒక్కో డబ్బాలో పొట్లం కట్టిన పూతరేకులు, పండు, తాంబూలం. జాకెట్టు ముక్కలు పెట్టలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు మొహం ముడుచుకున్నారట, ఒకావిడ అడిగేసింది కూడా. "ఈసారికి పండుతో సరిపెట్టుకో వదినా" అని పెద్దావిడ నవ్వేసింది. స్టాకు సగానికి పైగా ఆ ఒక్క రోజు సాగిపోయింది, ఎవరూ పారేయలేదు, కాటాకేయలేదు.

మిగిలిన జాకెట్టు ముక్కలు ఇంకా ఉన్నాయి. వాటిని వీధిలో కుట్టు నేర్చుకునే పిల్లలకిద్దామని కోడలు, కార్తీకమాసం నోములకు ఉంచుదామని అత్తగారు.

ఎక్కడికి వచ్చారు

పెద్దావిడ గది ఇప్పుడు స్కేలు మీద రెండు. కానీ ఈ కేసులో ఆ అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఆవిడ పొద్దున కాఫీ హాల్లో తాగుతోంది. కొడుకుతో మాట్లాడుతోంది, దెప్పడంతో సహా. కోడలు మనిషికో కంచం రూలు తీసేసింది. ముప్పై బట్టల రూలు మాత్రం ఆమెకు నచ్చి ఉంచుకుంది, ఇస్త్రీ తగ్గిందట. కొడుకు మినిమలిజం వదిలిపెట్టలేదు. వదలాలని నేను కోరుకోలేదు కూడా. తన జీతం, తన ఫోన్, తన బట్టల విషయంలో అది అతనికి మేలే చేసింది. ఇంటివాళ్ల వస్తువుల జోలికి వెళ్లేముందు "ఇది ఎవరిది?" అని అడగడం అలవాటైంది.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను హెచ్చరికలు వచ్చినప్పుడు నేనే ఫోన్ చేసి అడిగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నాడు. ఫోన్‌లో బుడమేరు వార్తలు చూస్తూ కూర్చున్నాడట. ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు, చదివింపుల పుస్తకం ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచాడు. అటక మాత్రం ముట్టుకోలేదు. భయం పూర్తిగా పోలేదు, అది సామాను మీదికి మళ్లడం తగ్గింది. వర్షాకాలం ముందు ఒకసారి వచ్చి వెళ్లమన్నాను.

తేలనిది సింగ్‌నగర్ ఇల్లు. అమ్మేద్దామంటాడు అతను. గోడలకు మళ్లీ సిమెంటు చేయించి ఒక అంతస్తు పైకి కట్టి అక్కడికే పోదామంటుంది తల్లి. అద్దె కడుతున్నది తానే గనక తన మాట కూడా వినాలంటుంది కోడలు. దీని మీద నన్ను తీర్పు చెప్పమన్నారు. ముందు ఇంజినీరుకు చూపించి పునాది సంగతి తెలుసుకోమన్నాను. ముగ్గురూ కలిసే వెళ్లి చూపించారని తర్వాత తెలిసింది.